బడి తెరవాలా, వద్దా? ప్లేగు నుంచి కోవిడ్ దాకా మన ఇళ్లు వేసిన లెక్క

2020 మార్చి 14 నుంచి కర్ణాటకలో బళ్లకు వారం రోజుల సెలవు అన్నారు. దేశంలో మొదటి కోవిడ్ చావు మన రాష్ట్రంలోనే, కలబురగిలో జరిగిందని తెలిసి అప్పటికి రెండు రోజులు. ఆ వారం సెలవు ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు పందొమ్మిది నెలలైంది. వాళ్లకు తరగతి గది మళ్లీ తెరిచింది 2021 అక్టోబర్ 25న. 2020లో ఒకటో తరగతిలో పేరు రాయించిన బిడ్డ క్లాసులో కాలు పెట్టేసరికి రెండో తరగతికి వచ్చేసింది.

ఆ పందొమ్మిది నెలలు మన ఇళ్లల్లో ఆస్తుల మీద కన్నా, పెళ్లిళ్ల మీద కన్నా ఎక్కువ వాదన జరిగింది ఈ ఒక్క మాట మీదే: బడి తెరవాలా, వద్దా? ఒకే కప్పు కింద అన్నదమ్ములు చెరో పక్క నిలబడినారు. అత్తాకోడళ్లు నాలుగు రోజులు మాట్లాడుకోని ఇళ్లు మాకు తెలుసు. మన ముత్తాతలు ఇంతకన్నా పెద్ద జబ్బులు రెండు చూసినారు. వాళ్ల ఇళ్లల్లో ఇట్లాంటి వాదన జరిగినట్టు మాత్రం మా పెద్దలు ఎవరూ చెప్పలేదు. ఎందుకు అని వెనక్కి చూస్తూ పోతే మాకు తేలింది ఒకటే. ఈ నూరేళ్లలో జబ్బు కన్నా ఎక్కువ మారింది బడి.

తెలియని బంధువుల కోసం ఒక మాట. మాది చిక్కబళ్ళాపుర జిల్లా, బాగేపల్లి పక్క. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మాలో ముప్పై నలభై ఏళ్ల వాళ్లమంతా కన్నడ మీడియంలో చదివి, ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగో ఇంకొకటో చేసుకుంటున్నాం. ఈ వ్యాసం ఆ కిటికీలోంచి చూసి రాసింది.

ఎలకలు రాలిన కాలం

ప్లేగు 1896లో బొంబాయిలో దిగింది. రెండేళ్లకు, 1898 ఆగస్టులో, రైలు దారిన హుబ్బళ్ళి వైపు నుంచి బెంగళూరుకు వచ్చింది. ఊరు ఇరుకు, పేటల్లో ఇంటికి ఇల్లు ఆనుకుని ఉండేది. మల్లేశ్వరం, బసవనగుడి అనే రెండు కొత్త పేటలు ఆ ఏళ్లలోనే లేచినాయి. వెడల్పు వీధులు, గాలి వెలుతురు ఉండే ఇళ్లు కావాలన్న ఆలోచన అంతకు ముందే ఉన్నా, జనాన్ని అక్కడికి తరిమింది ప్లేగే. బెంగళూరులోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇప్పటికీ ప్లేగమ్మ గుళ్లు, ప్లేగు మారెమ్మ గుళ్లు కనిపిస్తాయి. అవన్నీ ఆ భయానికి గుర్తులు.

మా ముత్తవ్వ తన అత్త నోట విని చెప్పిందని ఇంట్లో ఒక మాట నిలిచింది. అటక మీంచి ఎలక రాలి పడితే చాలు, పొయ్యి ఆర్పి, గింజలు మూట కట్టి, ఊరి బయట తోపుల్లో గుడిసెలు వేసుకునేవాళ్లట. ఊరే ఖాళీ అయినాక ఊళ్లో బడి తెరిచి ఉందా మూసి ఉందా అని ఎవరు అడుగుతారు? అయ్యవారు కూడా ఏదో ఒక గుడిసెలోనే ఉండేవాడు.

సర్కారు కూడా ఎవరినీ అడగలేదు. 1897లో తెల్లవాళ్లు అంటురోగాల చట్టం చేసినారు. రైళ్లు ఆపి మనుషులను తనిఖీ చేయడం, అనుమానం ఉన్నవాళ్లను విడిగా పెట్టడం, ఇళ్లు సోదా చేయడం అన్నిటికీ ఆ కొద్ది సెక్షన్ల చట్టమే ఆధారం. విచిత్రం ఏమంటే, 2020 మార్చిలో కర్ణాటక సర్కారు కోవిడ్ నిబంధనలు తెచ్చింది కూడా ఆ 1897 చట్టం కిందనే. నూట ఇరవై మూడేళ్ల నాటి కాగితం మన పిల్లల బడి గేటుకు తాళం వేసింది.

1918: ఎవరి ప్రాణం పోయిందో చూడాలి

రెండోది 1918 ఇన్‌ఫ్లుయెంజా. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజులు. జూన్‌లో బొంబాయి రేవులో మొదలై, సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో రెండో అలగా దేశమంతా కమ్మేసింది. మైసూరు సంస్థానమూ తప్పించుకోలేదు. దేశం మొత్తంలో కోటికి పైగా జనం పోయినారని చరిత్రకారుల అంచనా. 1921 జనాభా లెక్కలు తీస్తే, 1911 కన్నా దేశ జనాభా కొంచెం తగ్గి కనిపించింది. 20వ శతాబ్దం మొత్తంలో జనం తగ్గిన దశాబ్దం అదొక్కటే.

ఇక్కడ ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. ఆ జ్వరం ఎక్కువగా మింగింది ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య వాళ్లను, అంటే పిల్లల అమ్మానాన్నలను. పిల్లలను బడికి పంపాలా వద్దా అని తూకం వేయాల్సిన చేతులే ముందు చల్లబడినాయి. కోవిడ్ దీనికి తలకిందులు. అది ఎక్కువగా అవ్వాతాతల మీద పడింది. అందుకే 2020లో తల్లిదండ్రుల భయానికి ఇంకో ముఖం వచ్చింది: బిడ్డకు ఏమీ కాకపోవచ్చు, కానీ బిడ్డ ఇంటికి తెచ్చే జబ్బు అవ్వను తీసుకుపోతే?

1918లో బళ్ల గురించి గట్టిగా వాదన జరిగిన ఊళ్లు లేకపోలేదు. అమెరికాలో చాలా పట్టణాలు బళ్లు మూసేస్తే, న్యూయార్క్, షికాగో మూయలేదు. న్యూయార్క్ ఆరోగ్య కమిషనర్ రాయల్ కోప్‌లాండ్ చెప్పిన కారణం తేటగా ఉంది. ఆ ఊళ్లో పిల్లల్లో చాలామంది ఇరుకు గదుల్లో, గాలి ఆడని మేడల్లో బతికేవాళ్లు. బడి అంతకన్నా శుభ్రమైన చోటు. అక్కడ డాక్టర్లు, నర్సులు పిల్లలను రోజూ చూస్తారు, దగ్గు ఉన్నవాణ్ని పక్కకు తీస్తారు. ఇంట్లో కన్నా బడిలోనే బిడ్డ భద్రం అని ఆయన లెక్క. ఆ లెక్క ఒప్పో తప్పో అని అప్పుడూ కొట్లాడుకున్నారు. మనకు పనికొచ్చేది అందులో ఉన్న పద్ధతి. ఆయన బడిని ఒక్కదాన్నే తూచలేదు. బడిని ఒక పక్క, ఇంటిని ఒక పక్క పెట్టి తూచినాడు.

మన పక్క అప్పట్లో ఆ తూకానికి వస్తువే లేదు. 1911 లెక్కల్లో దేశంలో చదవడం, రాయడం వచ్చినవాళ్లు నూటికి ఆరుగురు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు మైసూరు దివాన్‌గా ఉండగా 1913లో ప్రాథమిక విద్య చట్టం తెచ్చి, ఎంపిక చేసిన ఊళ్లల్లో చదువును తప్పనిసరి చేసినారు. మోక్షగుండం నుంచి వలస వచ్చిన ఇంటివారు ఆయన, పుట్టింది మా జిల్లా ముద్దేనహళ్ళిలో, కాబట్టి మా పక్క ఆయన పేరు ఇంట్లో మనిషి పేరు లాగ వినిపిస్తుంది. ఆ చట్టానికి అయిదేళ్లు నిండేసరికి ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. చాలా పల్లెలకు బడి అంటే ఇంకా ఒక అరుగు, ఒక అయ్యవారు, పది మంది మగపిల్లలు. అది మూసినా పొలం ఆగదు, పొయ్యి ఆగదు.

బడి బరువెక్కిన కథ

ఆ అరుగు బడి మన కాలానికి ఏమైందో చూడండి.

జ్వరం పోయిన రెండేళ్లకు, 1920లో, మద్రాసు నగర కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టడం మొదలుపెట్టింది. చేయించినది కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి గారు, మద్రాసులో స్థిరపడిన తెలుగు దేవాంగ కుటుంబం వారు. తమిళనాడులో ఉన్న మన బంధువులు ఆయన పేరు మీది త్యాగరాయ నగర్‌ను రోజూ టి.నగర్ అని పిలుస్తూనే ఉంటారు. తర్వాత కామరాజ్ కాలంలో, ఎమ్జీఆర్ కాలంలో ఆ తిండి రాష్ట్రమంతా పాకింది. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు దేశమంతటా సర్కారు బళ్లల్లో వండిన భోజనం పెట్టాల్సిందేనని చెప్పింది. కర్ణాటకలో దానికి అక్షర దాసోహ అని పేరు. 2013లో క్షీర భాగ్య వచ్చి పాల గ్లాసు కూడా చేరింది. 2010 నుంచి విద్యా హక్కు చట్టం అమల్లోకి వచ్చి, ఆరు నుంచి పద్నాలుగేళ్ల బిడ్డ బడిలో ఉండటం హక్కయింది.

కాబట్టి 2020లో తాళం పడింది నాలుగు గోడల గదికి మాత్రమే అనుకుంటే పొరపాటు. మధ్యాహ్నం అన్నం, పాలు, ఇనుము మాత్రలు, ఆడపిల్ల ఇల్లు దాటి పోయే ఒక దారి, కూలికి పోయే తల్లికి బిడ్డను నమ్మి వదిలే చోటు, ఇవన్నీ ఆ గేటు లోపలే ఉండినాయి. అన్నం బదులు కొన్నాళ్లు బియ్యం, బేడలు ఇంటికి ఇచ్చినారు. బియ్యం ఇంట్లోకి వస్తే అది ఇంటిల్లిపాదికీ పంచుకునే బియ్యం అవుతుంది. బిడ్డ పళ్లెంలో పడే అన్నంగా మిగలదు.

తల్లిదండ్రులను అడిగినారు

ప్లేగు నాడు, ఇన్‌ఫ్లుయెంజా నాడు ఎవరూ అడగని మాటను ఈసారి అడిగినారు. 2020 జూన్ 10, 11, 12 తేదీల్లో ప్రతి బడీ తల్లిదండ్రుల సభ పెట్టి అభిప్రాయం తీసుకోవాలని కర్ణాటక విద్యాశాఖ చెప్పింది. జులైలో దశలవారీగా తెరుద్దామని ఒక ప్రతిపాదన. నాలుగు నుంచి ఏడు వరకు ముందు, చిన్నపిల్లలు తర్వాత. ఒక పూట సగం మంది, రెండో పూట సగం మంది అని ఇంకో దారి. ఆ సభల్లో వద్దన్న గొంతే బలంగా వినిపించింది. టీకా లేదు, మందు లేదు. ఒక్కో గదిలో నలభై, యాభై మంది పిల్లలు. దూరం దూరంగా కూర్చోబెట్టడానికి చోటు ఎక్కడిది? న్యూయార్క్‌లో నర్సు ఉండింది, మన బళ్లల్లో చాలాచోట్ల చేతులు కడిగే కొళాయే సరిగ్గా లేదు. వద్దన్న తల్లిదండ్రులను పిరికివాళ్లు అనడానికి లేదు. వాళ్ల లెక్క వాళ్లది.

అదే నెలలో ఇంకో ముడి. ఐదో తరగతి వరకు ఆన్‌లైన్ పాఠాలు వద్దని సర్కారు ఆపేసింది. కొందరు కోర్టుకు పోతే జులైలో హైకోర్టు ఆ నిషేధాన్ని నిలిపింది. బడి ఒక పక్క, ఫోను తెర ఒక పక్క, రెండింటి మీదా తగాదా.

జూన్ 25న ఎస్సెస్సెల్సీ పరీక్షలు మొదలైనాయి. తెలంగాణ, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ మూడూ పదో తరగతి పరీక్షలు రద్దు చేసి పిల్లలను పాస్ చేసినాయి. కర్ణాటక మాత్రం జరిపింది. 8 లక్షలకు పైగా పిల్లలు మాస్కులు కట్టుకుని రాసినారు. గడి ఈ పక్క బాగేపల్లిలో బిడ్డ పరీక్ష రాస్తుంటే, ఆ పక్క హిందూపురంలో వాళ్ల మేనమామ బిడ్డ రాయకుండానే గట్టెక్కింది. ఆ జూన్‌లో బంధువుల ఫోన్లన్నీ దీని మీదే. మీవాళ్లు పిల్లల ప్రాణాలతో ఆడుతున్నారని ఆ పక్క మాట, మీ పిల్లల మార్కులకు రేపు విలువ ఏముంటుందని ఈ పక్క మాట.

ఆగస్టులో విద్యాగమ వచ్చింది. పిల్లలు బడికి రాకూడదు కాబట్టి మేష్ట్రులే పిల్లల దగ్గరికి పోవాలి. గుడి అరుగు మీద, రచ్చకట్ట మీద, చెట్టు కింద, ఇరవై మంది లోపో పైనో కూర్చోబెట్టి చెప్పడం. వఠార శాలె అని జనం పిలిచినారు. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉన్న పిల్లలు, మామూలు ఫోనో టీవీయో ఉన్న పిల్లలు, ఏమీ లేని పిల్లలు అని మూడు వరుసలుగా విభజించినారు. దూరదర్శన్ చందనలో పాఠాలు వేసినారు. మా పల్లెల్లో ఈ విద్యాగమను తల్లులు గట్టిగా పట్టుకున్నారు. నూరేళ్ల నాటి అరుగు బడి మళ్లీ వచ్చినట్టే ఉండింది. పిల్లలకు, మేష్ట్రులకు జబ్బు సోకిందన్న వార్తలు రావడంతో అక్టోబర్‌లో దాన్ని ఆపేసినారు. 2021 జనవరి 1న పదో తరగతికి, రెండో పీయూసీకి క్లాసులు మొదలైనాయి, ఫిబ్రవరిలో ఆరో తరగతి దాకా తెరిచినారు. ఏప్రిల్‌లో రెండో అల వచ్చి అన్నీ మళ్లీ మూతపడినాయి.

తెరిచిన ప్రతిసారీ ఒక షరతు. హాజరు తప్పనిసరి కాదు, కానీ వచ్చే బిడ్డ తల్లిదండ్రుల సంతకం ఉన్న ఒప్పిగె పత్ర తేవాలి. ఆ ఒక్క కాగితంతో సర్కారు తన తూకాన్ని ఇంటి గడప మీద పెట్టింది. గడప దాటితే ప్రతి ఇల్లూ వేరే. మూడు గదులు, రెండు ల్యాప్‌టాప్‌లు, ఇంట్లోనే ఉండి పని చేసుకునే అమ్మానాన్నలు ఉంటే "ఇంకో ఆరు నెలలు ఆగుదాం" అనడం తేలిక. బెంగళూరులో మాలాంటి వాళ్లం చాలామందిమి అట్లాగే అన్నాం. ఇంట్లో ఆస్తమా ఉన్న తాత ఉంటే, ఎంత చదువు పోయినా సంతకం చేయడానికి చెయ్యి రాదు. ఉన్న ఒక్క ఫోనూ ఆటో తోలే నాన్న జేబులో ఉంటే, తల్లి పొద్దున్నే టమోటా తోటలోకి కూలికి పోతే, ఆ ఇంటికి మూసిన బడే ప్రమాదం. మా పనిలో ఒక టెస్టు పాస్ అయిందా ఫెయిల్ అయిందా అని రెండే గళ్లు ఉంటాయి. ఒప్పిగె పత్రలోనూ రెండే గళ్లు. ఇంటి సంగతి ఏ గడిలోనూ పట్టలేదు.

కన్నడం ఎవరు చెప్పాలి?

మన ఇళ్లకు దీని మీద ఇంకో బరువు ఉండింది. అది బయటివాళ్లకు అంతగా కనిపించలేదు.

బాగేపల్లి, గుడిబండ, చింతామణి, శ్రీనివాసపుర, ముళబాగిలు పక్క పల్లెల్లో చాలా ఇళ్లల్లో మాట తెలుగు. పొలంలో తెలుగు, సంతలో తెలుగు. బిడ్డకు కన్నడం రాసే చోటు, చదివే చోటు, తప్పు మాట్లాడితే దిద్దే చోటు ఒక్క బడే. కన్నడ ఇంటి బిడ్డకు బడి మూస్తే పాఠం ఆగింది, బాస ఆగలేదు. మన బిడ్డకు రెండూ ఆగినాయి. ఒడిశాలో ఒడియా బడికి పోయే మన పిల్లలకూ, హోసూరు పక్క తమిళంలో చదివే మన పిల్లలకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

దీనికి ఇంకో పక్క కూడా చెప్పాలి. ఆ నెలల్లో మన పిల్లల తెలుగు బాగుపడింది. అవ్వ పక్కలో పడుకుని కథలు విన్నారు, సామెతలు నేర్చినారు, కైవారం తాతయ్య తత్వాలు పాడే తాతల దగ్గర కూర్చున్నారు. తెలుగు లిపి తెలిసిన అవ్వలు కన్నడ పుస్తకం తీసుకుని, తలకట్టు తేడా చూసుకుంటూ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివించినారు. రెండు లిపులూ అక్కాచెల్లెళ్లు కాబట్టి అంతవరకు సాగింది. గణితం దగ్గర, వ్యాకరణం దగ్గర అవ్వ ఆగిపోయింది. ఇంటి బాస ఇంట్లో పెరగడం మేలే. ఆ మేలు కోసం బడి బాసను పోగొట్టుకోవాల్సి వస్తే, ఇక్కడ ఉద్యోగం, కోర్టు, ఆసుపత్రి అన్నీ కన్నడంలో నడిచే చోట ఆ బిడ్డ రేపు ఎక్కడ నిలబడుతుంది? మేము కన్నడ మీడియంలో చదివినవాళ్లం కాబట్టి ఆ భయం మాకు బాగా తెలుసు.

తేలిన లెక్క

2021 జనవరిలో అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం కర్ణాటకతో కలిపి అయిదు రాష్ట్రాల్లో 16,067 మంది పిల్లలను పరీక్షించి చూసింది. నూటికి 92 మంది, ముందు ఏడాది వచ్చిన భాషా నైపుణ్యాల్లో కనీసం ఒకటైనా మరిచిపోయినారు. ఆ ఆగస్టులో జ్యాఁ ద్రెజ్, రీతికా ఖేరా మొదలైనవాళ్లు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో దాదాపు 1,400 మంది పేద పిల్లల ఇళ్లకు పోయి అడిగించినారు. పల్లెల్లో ఆన్‌లైన్‌లో క్రమంగా చదువుతున్నవాళ్లు నూటికి 8 మంది, అసలు చదవనివాళ్లు 37 మంది. ఆ పల్లె తల్లిదండ్రుల్లో నూటికి 97 మంది బళ్లు వీలైనంత తొందరగా తెరవమన్నారు. గట్టిగా వినిపించిన గొంతు ఒక పక్క ఉంటే, ఎక్కువ మంది ఇంకో పక్క ఉండినారు.

కర్ణాటకలోనూ 2021 జూన్‌లో డాక్టర్ దేవి శెట్టి నాయకత్వంలోని నిపుణుల కమిటీ బళ్లు తెరవమనే చెప్పింది. ఇంకా మూసి ఉంచితే పౌష్టికాహారం తగ్గుతుంది, పిల్లలు పనుల్లోకి పోతారు అని హెచ్చరించింది. ఆంధ్రలో ఆగస్టు 16న బళ్లు తెరిచినారు. మన పక్క ఆగస్టు 23న పెద్ద తరగతులు, సెప్టెంబర్ 6న ఆరు నుంచి ఎనిమిది, అక్టోబర్ 25న చిన్నవాళ్లు. 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చినప్పుడు బెంగళూరులో ఒకటి నుంచి తొమ్మిది వరకు మళ్లీ మూసినారు. ఈసారి నెల తిరక్కుండానే, జనవరి 31న తెరిచినారు. ఆ తొందర పందొమ్మిది నెలలు నేర్పిన పాఠం.

మొదట మూయడం తప్పని మేము అనం. జబ్బు ఏమిటో ఎవరికీ తెలియని రోజులు అవి, అవ్వాతాతల ప్రాణం చిన్న సంగతి కాదు. కానీ మూసినదాన్ని తెరవడానికి అంత ఆలస్యం అయింది ఎందుకంటే, 1918లో లాగ బడిని ఇంకా నాలుగు గోడలు, నల్లబల్లగానే లెక్కపెట్టినాం. మళ్లీ ఎప్పుడైనా ఇట్లాంటి కాలం వస్తే, మన ఇళ్లల్లో సంతకం పెట్టే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. బడి మూస్తే మన ఇంట్లో ఏమి ఆగుతుంది? మన పాలు పోసే ఇంట్లో, మన ఇల్లు ఊడ్చే అక్క ఇంట్లో ఏమి ఆగుతుంది?

మీ ఇళ్లల్లో ఆ నాటి ఒప్పిగె పత్ర, విద్యాగమ నోటుపుస్తకం, అవ్వ చేత్తో కన్నడ అక్షరాల పక్కన రాసిన తెలుగు అక్షరాలు ఉంటే పారేయకండి, ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ప్లేగు నాటి కాగితం మన ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు. ఈసారి అట్లా కాకుండా చూసుకుందాం.